గొంగట్ల మాట

తొమ్మిదో తరగతి, రెండో పీరియడు.
అమ్రాబాద్ మీద ముసురు పట్టి మూడు దినాలు.
కిటికీకి తలుపు లేదు,
పుస్తకాలు పొట్ట కింద దాచుకొని పిల్లలు.
పాఠంల ఎవరో దొర గుర్రమెక్కి కొండలు దాటుతుంటడు.
ఆ కొండలకు ముందట ఒక మాట:
రగ్గెడ్.

ఎగుడుదిగుడు అని బోర్డు మీద రాసిన.
సుద్దముక్క తడిసి 'దిగుడు' సగమే పడ్డది.
ఎక్కుడే గాని దిగుడు లేని నేల
ఎట్లుంటదోనని ఎనక బెంచీ నవ్వింది.

ఆ రాత్రి పెద్ద నిఘంటువు తీసిన.
బీయెడ్ నాడు కోఠి ఫుట్‌పాత్ మీద కొన్నది,
అట్ట ఊడింది, చెదలు 'ఎస్' దాకా వచ్చి ఆగినయి.
రగ్గెడ్ అంటే మొదట నేల కాదట.
కొండ కాదు, బాట కాదు.
బొచ్చు.
దువ్వెన తగలక, కత్తెర పడక
కుచ్చులు కుచ్చులుగ లేచిన బొచ్చు.
ఉత్తరాన చలిసముద్రాల పడవలోళ్ల నాలికె మీంచి
ఎప్పుడో ఇంగ్లీషుల దిగి ఉంటదట.
మనం మంచం మీద మడత పెట్టే రగ్గు
దాని తోడబుట్టిందేనట.
ఒంటి మీంచి గుట్ట మీదికి పాకేసరికి
ఆ మాటకు శానా ఏండ్లు పట్టింది.

నేను కురుమోళ్ల పిల్లగాణ్ణి.
ఇంత మందం పుస్తకం తిప్పాల్నా దీనికి?

మా నాయినమ్మ కొమురవ్వ
వంగూరు దిక్కు నుంచి కాపురానికొచ్చిన నాడు
ఎంట తెచ్చుకున్నది ఒక్క కదురు.
నల్లగొర్ల బొచ్చు ఏకి, వడికి,
చింతగింజల గంజి పట్టిస్తే
తాత గుంటమగ్గంల కాళ్లు దించి నేసేటోడు.
నేసినంత మేర ఆమె అరచెయ్యి తిప్పి చూసేది.
యాడన్న నున్నగ తగిలితే మొకం మాడ్చేది.
"నున్నటిది వాన తాగుతది బిడ్డా.
గరుకుంటెనే నీళ్లు జారుతయి."

మా అయ్యకు నా చదువు మీద ఒక్కటే సామెత,
గొంగట్ల తినుకుంట ఎంట్రుకలు ఏరుడని.
యాభై దాటినంక ఇగో, అదే పని.
ఇంగ్లీషు బువ్వల ఎంట్రుక ఏరితే
మా ఇంటిదే ఎల్లింది.

తెల్లారి బడిల ఇదంతా చెప్పిన.
రగ్గు అనంగనే పిల్లలకు యాదికొచ్చింది
అచ్చంపేట దుకాండ్ల పులిబొమ్మది,
జిప్పు సంచిల, నున్నగ.
గొంగడి ఎవరింట్ల ఉందంటే రెండు చేతులు లేసినయి.
ఒకటి అటక మీద. ఒకటి కుక్క కింద.

నిమ్మల గురువమ్మ చెయ్యి లేపలే.
అడవి లోపలి పెంట నుంచి వచ్చి హాస్టల్ల ఉంటది.
అడిగితే తప్ప మాట్లాడదు, అడిగిన:
"మీ దిక్కు బాట గిట్లనే ఉంటది కద,
దాన్ని ఏమంటరు?"
"ఏమనం సార్.
నడుస్తం."

క్లాసు ఊకుంది. ముసురు ఊకోలే.
ఎగుడుదిగుడు అన్నది
చదును నేల మీద పుట్టినోడు
ఈడికొచ్చి మడమ మెలిపడ్డప్పుడు
కూలబడి పెట్టిన పేరేమో.
మంచిగనే తట్టింది, రాసిపెట్టుకోవాలె అనుకున్న.
అనుకుంట కిందికి చూస్తే
ఆ పిల్ల కాళ్లకు చెప్పుల్లేవు.
తట్టిందాన్ని అట్లనే మింగిన.

నెలాఖరుకు యూనిట్ టెస్టు.
నాలుగో ప్రశ్న, ఒక్క మార్కుది, అర్థం రాయుము.
గురువమ్మ అక్షరాలు
ఒకటి గుట్ట మీద, ఒకటి వాగుల.
రగ్గెడ్: వాన జారేది.

నేనే రాసుకున్న కీ పేపర్ల
ఎగుడుదిగుడు అని చక్కగ ఉంది,
గీత కొట్టి, స్కేలు పెట్టి.
ఎర్రపెన్ను మూత తీసి
కరెంటు పోయేదాంక
అట్లనే పట్టుకొని కూసున్న.